రెండో దశలో నీళ్లు

"రాజధాని పోతోందని ఎవరూ బెంగ పెట్టుకోవద్దు. దాని బదులు మీ నంద్యాలకు హార్బరు ఇస్తున్నాను!"

జలమార్గాల మంత్రిగారు హైస్కూలు మైదానంలో ఈ మాట అన్నప్పుడు నేను మొదటి వరసలో కూర్చుని ఉన్నాను. అది 1956. ఎండలు ఇంకా ముదరలేదు. కర్నూలుకు వచ్చిన రాజధాని కాళ్లు కడుక్కునే లోపే హైదరాబాదుకు తరలిపోతుందని ఖాయమైపోయింది. గుడారాల్లో కచేరీలు పెట్టుకున్న ప్రభుత్వానికి సామాను సర్దుకోవడం కష్టం కాదు గాని, జిల్లా మొత్తం అలిగి కూర్చుంది. అలిగినవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. మంత్రిగారిది పెద్ద చెయ్యి. ఏకంగా సముద్రాన్నే పెట్టారు.

నంద్యాల నుంచి సముద్రం నూరు మైళ్ల పైమాటే. ఇంత చిన్న సంగతి మంత్రిగారికి తెలియదనుకోవడం మన అమాయకత్వం.

నా పక్కన కూర్చున్న రైతు మోచేత్తో పొడిచాడు. "హార్బరంటే ఏందప్పా?"

"ఓడలు నిలిచే చోటు."

"యాడ నుంచి వస్తాయి ఓడలు?"

"అది మంత్రిగారు చెప్పలేదు."

"అడగరాదా? పేపరోనివి గదా నువ్వు?"

నేను అడగలేదు. గొప్ప ఆలోచన పుట్టీ పుట్టకముందే దానికి అడ్డు ప్రశ్న వేయడం విలేఖరికి తగదని మా ఎడిటరుగారు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజే చెప్పారు. అందుకని చప్పట్లు కొట్టాను. నన్ను చూసి రైతు కొట్టాడు. రైతును చూసి మైదానమంతా కొట్టింది.

హార్బరుకు స్థలం వెతకాల్సిన పని లేకపోయింది. బజారు వెనక, కాలువ గట్టుకూ వాగుకూ మధ్య పల్లంలో పడవలపేట ఉండనే ఉంది. నేను అద్దెకున్నది ఆ పేటలోనే కాబట్టి దాని సంగతి కొంచెం చెప్పగలను.

కర్నూలు–కడప కాలువ తవ్వించిన కంపెనీ దొరలు అందులో నీళ్లు పారడంతో తృప్తి పడక పడవలు కూడా నడిపించారు. బేతంచెర్ల బండలు, కోయిలకుంట్ల శనగలు, పత్తి మూటలు పడవల మీద వచ్చి ఇక్కడే దిగేవి. దిగిన చోట రేవు పుట్టింది. రేవు చుట్టూ పడవలు నడిపేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, చెక్కలకు తారు పూసేవాళ్లు, వీళ్లందరికీ అన్నం వండి అమ్మేవాళ్లు చేరారు. హిందువులు, సాయిబులు కలిసి పేట అయ్యారు. ఆ తర్వాత రైలొచ్చింది. పడవలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మనుషులు మాత్రం ఎక్కడికీ కదల్లేదు. పనికిరాని పడవలను విప్పుకుని ఇళ్లలో వాడుకున్నారు. ఆ పేటలో ఏ తలుపు చూసినా పడవ చెక్కే. చంటిపిల్లల ఉయ్యాలలు తెడ్లకు వేలాడతాయి.

పేటవాళ్ల గొంతులు పెద్దవి. గట్టు మీద నిలబడి కాలువ నడుమ ఉన్నవాడితో మాట్లాడిన తాతల గొంతులు మనవలకు కూడా వచ్చాయి. ఉప్పు బదులు అడిగినా కొట్లాటలాగే ఉంటుంది. నేను కాపురం పెట్టిన కొత్తలో ఒకసారి విడదీద్దామని పరుగెత్తుకెళ్లాను. తీరా చూస్తే అక్కడ పెళ్లి సంబంధం మాట్లాడుకుంటున్నారు.

అలాంటి పేటకు నౌకాశ్రయ స్పెషల్ ఇంజనీరుగా రాజరత్నంగారు వచ్చారు. అంతకుముందు ఆయన వంతెనలు కట్టేవారు. వంతెన కింద నీళ్లుంటాయి గనుక ఆయనకు నీళ్ల అనుభవం ఉన్నట్టేనని ప్రభుత్వం గుర్తించింది. మంత్రిగారు ఆయనకు అప్పజెప్పిన మొదటి పని పేట చరిత్ర రాయడం. చరిత్ర లేని హార్బరుకు విలువ ఉండదట. తెలుగు దిద్దడానికి నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇల్లిల్లూ తిరిగారు.

మొదట జీవమ్మ ఇంటికి వెళ్లాం. పేటలో అందరికంటే గట్టి మిద్దె ఆమెదే. పెద్ద వయసు. మాట తుపాకీ.

"అమ్మా, పూర్వం ఈ రేవుకు విదేశాల నుంచి నౌకలు వచ్చేవా?" అని అడిగారు ఇంజనీరుగారు.

"వస్తాండె సామీ. బేతంచెర్ల నుంచి బండలేసుకోని వస్తాండె."

"బేతంచెర్ల విదేశం కాదు గదమ్మా?"

"మాకు విదేశమే. మా పెదమామ ఆడికి పోయి మళ్ల రాలే. ఇంగో పెండ్లాన్ని చేసుకోని ఆడ్నే ఉండిపాయె."

రాజరత్నంగారు తల పంకించి రాసుకున్నారు: 'ప్రాచీన కాలమునుండి ఈ రేవుకు విదేశీ వాణిజ్యమే గాక విదేశములతో వివాహ సంబంధములు కూడ కలవు.' నేను 'కూడ'ను 'కూడా' అని దిద్దాను. అంతకు మించి దిద్దవలసింది నాకు కనిపించలేదు.

చరిత్ర పూర్తయ్యాక మంత్రిగారు కర్నూలు నుంచి టెలిఫోన్ చేశారు. వేసవిలోనే ప్రారంభోత్సవం పెట్టమన్నారు. ప్రారంభించడానికి ఒక నౌక కావాలన్నారు. నంద్యాల మొత్తం మీద విప్పకుండా మిగిలిన పడవ ఒక్కటే ఉంది. అది లాల్ సాహెబ్ ఇంటి కప్పు.

లాల్ సాహెబ్ ఆ రేవులో పడవ నడిపిన చివరి మనిషి. కాలువలో పని పోయిన ఏడు తన పడవను ఒడ్డుకు లాగి, నాలుగు గోడలు లేపి, వాటి మీద బోర్లించాడు. ఆ ఒంటిగది ఇంట్లోనే కాపురం. ఆయన భార్య ఖైరున్నీసా పొద్దున్నే వాకిట్లో పొయ్యి పెట్టి ఉగ్గాని, బజ్జీలు అమ్ముతుంది. మేం వెళ్లేసరికి పొయ్యి ముందు కూర్చునే ఉంది.

"మీ ఇంటి కప్పు ప్రభుత్వానికి కావాలి," అన్నారు ఇంజనీరుగారు.

"ఇంటి కప్పెందుకు సామీ ప్రభుత్వానికి?" అంది ఖైరున్నీసా. "కర్నూల్లో ఆ గుడారాల మీదికా?"

"కప్పుగా కాదమ్మా. నౌకగా."

లాల్ సాహెబ్ తలెత్తి కప్పు వైపు చూశాడు. పొగకు నల్లబడిన పక్కచెక్కలు, వాటి నడుమ కొంచెం వంగిన వెన్నుదూలం. 

"నీళ్లల్లో ఏస్తారా?" అని అడిగాడు.

"వేయకుండా?"

"నిజంగా నీళ్లల్లో?"

"హార్బరయ్యా అది!"

ఖైరున్నీసా గరిటె కింద పెట్టింది. "ఏమయ్యా, నువ్వు సరే అనాకు. ఎండలొస్తాండాయి. నెత్తిమీద కప్పు పెరికిచ్చుకోని యాడ పండుకుంటాం?"

"దాని బదులు రేకుల కప్పు వేయిస్తామమ్మా," అన్నారు రాజరత్నంగారు. "మీ ఆయనను హార్బర్ మాస్టరుగా నియమిస్తున్నాం. టోపీ ఇస్తాం. విజిల్ ఇస్తాం."

"టోపీ ఆయప్ప నెత్తికి సరిపోతాది. ఇంటికి సరిపోదు గదా సామీ!"

ఇంజనీరుగారు నవ్వి, ప్రజల ఉత్సాహం బాగుందని నాతో ఇంగ్లీషులో అన్నారు.

లాల్ సాహెబ్ భార్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. పేటలో అంత మెల్లగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. "ఖైరూ, అది మా నాయన చేసిన పడవ. ఇన్నేండ్లు బోర్లా పడి ఉండాది. నేను పొయ్యేలోపల ఒగసారి వెల్లకిలా చూడనీ."

ఆమె గరిటె తీసుకుని బజ్జీలు తిప్పింది. మరునాడు పొద్దున కూలీలు వచ్చి కప్పు దించారు.

ఈ వార్త ఆళ్లగడ్డకు అందడానికి ఎంతో సమయం పట్టలేదు. ఆళ్లగడ్డలో మద్దిలేటి అని మంత్రిగారి పార్టీ కార్యకర్త ఉన్నాడు. మంత్రిగారు నంద్యాల బంగళాలో ఫలహారం చేస్తుండగా అతను మనుషులను వెంటేసుకుని దిగాడు.

"నంద్యాలకు హార్బరిచ్చి మాకు మొండిచెయ్యి చూపిస్తే మేం ఊర్లో ఎట్ల తిరగాల సార్? మేమేమన్నా ఓట్లు తక్కవేసినామా?"

"మీకేం కావాలి మద్దిలేటీ?"

"మాకూ హార్బరే కావాల."

"ఒక జిల్లాకు రెండు హార్బర్లంటే ఢిల్లీ ఒప్పుకోదయ్యా."

"అట్లయితే హార్బరు పక్కన ఇంగేముంటాదో అదియ్యండి."

మంత్రిగారు ఇంజనీరుగారి వైపు చూశారు. "లైట్‌హౌస్ ఉంటుంది సార్," అన్నారు ఇంజనీరుగారు.

"ఇచ్చాను," అన్నారు మంత్రిగారు, ఇడ్లీ తుంచుతూ.

రాజరత్నంగారు చిన్నగా దగ్గారు. "సార్, ఆళ్లగడ్డ ఇక్కడికి పాతిక మైళ్లు. అక్కడి దీపం ఇక్కడికి వచ్చే ఓడలకు కనిపించకపోవచ్చు."

"కనిపించకపోతే ఏమవుతుంది?"

"ఓడలు దారి తప్పుతాయి సార్."

"తప్పి ఎక్కడికి పోతాయి?"

"ఆళ్లగడ్డకే వస్తాయి సార్!" అన్నాడు మద్దిలేటి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంతకంటే మాకేం కావాల!"

ఆ నెలలోనే ఆళ్లగడ్డ బస్సులు ఆగేచోట ఒక సున్నం స్తంభం లేచింది. పైన పెట్రోమాక్స్ దీపం పెట్టారు. అహోబిలం వెళ్లే యాత్రికులు బస్సు దిగి ఆ స్తంభానికి దండం పెట్టుకుని కొబ్బరికాయ కొట్టి వెళ్తున్నారని విన్నాను. ఒక్క నౌక కూడా దారి తప్పకముందే దీపానికి ఇంత పేరు రావడం సామాన్యం కాదు.

నంద్యాలలో పనులు ఇంకా వేగంగా సాగాయి. హార్బరుకు ముఖద్వారం ఉండాలి గనుక, పడవలపేటకు ఎదురుగా కాలువ గట్టును ఓడంత వెడల్పున కోసేశారు. పైన సిమెంటు కమాను కట్టి 'స్వాగతం' అని రాశారు. కోసిన చోట అడ్డంగా పలకలు పెట్టారు.

"ఈ సందు పూడ్చేదెప్పుడు సామీ?" అని జీవమ్మ మిద్దె మీద నుంచే అరిచి అడిగింది.

"పూడ్చిన ద్వారంలోంచి ఓడ ఎలా వస్తుందమ్మా?" అన్నారు ఇంజనీరుగారు. 

ప్రారంభోత్సవానికి మే నెలలో మంచి ముహూర్తం కుదిరింది. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువకు నీళ్లు ఆపేస్తారు. ఈ సంగతి మంత్రిగారికి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. ముహూర్తం పాడవలేదు.

ఆ రోజు పడవకు నీలం రంగు వేసి, పూలదండలు చుట్టి, కాలువ అడుగున ఇసుకలో నిలబెట్టారు. దాని చెక్కల సందుల్లో జనపనార కూరి తారు పూసింది లాల్ సాహెబే. తారు పని కూలీలకు వదలకుండా రోజంతా ఎండలో కూర్చుని తన చేత్తోనే చేసుకున్నాడు. ఇప్పుడు తెల్లటి టోపీ పెట్టుకుని, మెడలో విజిల్ వేసుకుని, గడకర్ర పట్టుకుని పడవ వెనక కొసన నిలబడ్డాడు. ఎగువకు చూశాడు. దిగువకు చూశాడు.

"సామీ, నీళ్లేవి?"

"అది ఫేజ్ టూ," అన్నారు రాజరత్నంగారు. "మొదటి దశలో హార్బరు. రెండో దశలో నీళ్లు."

"గడకర్ర యాడ గుచ్చాల?"

"ఊరికే పట్టుకో. ఫోటోలో బాగుంటుంది."

మంత్రిగారు ఎక్కారు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూశారు. పీపాల బండ్ల మీద తెచ్చిన నీళ్లు పడవ ముందు కుమ్మరించారు. ఇసుక తాగేలోపల ఫోటోగ్రాఫరు తన పని చేసుకున్నాడు. "విజిల్ ఊదు," అన్నారు ఇంజనీరుగారు. లాల్ సాహెబ్ ఊదాడు. కూలీలు మోకులు పట్టి లాగారు. ప్రభుత్వ నౌక కరకరమంటూ ముందుకు సాగింది. గట్టు మీద జనం జేజేలు కొట్టారు.

నేను పత్రికకు పంపిన వార్త ఇది: 'నౌక ఎక్కడా ఒరగలేదు, ఊగలేదు. మంత్రివర్యుల ధోవతి అంచు కూడా తడవలేదు. ప్రపంచ నౌకాయాన చరిత్రలో ఇంత క్షేమమైన తొలి ప్రయాణం మరొకటి లేదని పరిశీలకుల అభిప్రాయం.' పరిశీలకుణ్ని నేనే.

ఉత్సవం అయ్యాక పడవను గట్టు పక్కన ఇటుకల దిమ్మె మీద ఎక్కించి గొలుసు వేశారు. 'ప్రభుత్వ నౌక. ముట్టరాదు' అని బోర్డు పెట్టారు. లాల్ సాహెబ్ కప్పు సంగతి అడగడానికి వెళ్లాడు. రేకులు కూడా రెండో దశలోనే ఉన్నాయని ఇంజనీరుగారు ఓపికగా వివరించారు. ముసలి దంపతులు గోడల మీద జొన్నసొప్ప పరిచి, పైన గోతాలు కప్పుకున్నారు. ఖైరున్నీసా మొగుడితో మాట్లాడటం మానేసింది. పేటలో ఇది అందరికీ తెలిసిపోయింది. ఆ వీధిలో ఒక ఇంట్లోంచి గొంతు వినిపించకపోవడం అంతవరకూ ఎరగరు.

ఒక సాయంత్రం నేను గట్టు మీద వెళ్తుంటే లాల్ సాహెబ్ దిమ్మె పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఏం తాతా, ఇక్కడ కూర్చున్నావ్?"

"ఊరికే అప్పా." పడవ పక్కచెక్క మీద చెయ్యేసి నిమిరాడు. "ఇంటి మీద ఉన్నెప్పుడు వానొస్తే భలే సప్పుడు చేస్తాండె. ఖైరూ, నేను కింద పండుకోని వింటాంటిమి. నీళ్ల మీద పోతాండాం అనుకుంటాంటి. ఇప్పుడు వానొస్తే తడుస్తాండాం, అంతే." చెయ్యి తీసి, "నాదే తప్పు అప్పా. ఆశపడితి," అన్నాడు.

ఇలాంటివి వార్తకు పనికిరావు గనుక నేను రాసుకోలేదు.

అక్టోబరులో వాన పట్టుకుంది. యాగంటి కొండల దిక్కు నుంచి మబ్బు లేచి పగలూ రాత్రీ ఒకటే కురిసింది. వాగు పొంగింది. కాలువ నిండుగా ఉరకలేసింది. నాలుగో నాటి తెల్లవారుజామున ముఖద్వారం పలకలు ఊడిపోయాయి. కాలువ మొత్తం స్వాగతం కమాను కిందుగా పడవలపేటలోకి నడిచి వచ్చింది.

నేను అరుపులకు లేచేసరికి మంచం కింద నీళ్లు. బయటికొచ్చేసరికి మోకాళ్లు దాటాయి. వీధి చివరికి వచ్చేసరికి నడుము దాటాయి. ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుని మిద్దెల మీదికి ఎక్కుతున్నారు. మట్టి గోడలు ఒక్కొక్కటే చప్పుడు చేయకుండా కూర్చుండిపోతున్నాయి. మొట్టమొదట కూర్చున్నవి లాల్ సాహెబ్ ఇంటి గోడలే. వాటిని పట్టి ఉంచే బరువు పైన లేదు.

లాల్ సాహెబ్ అప్పటికే గట్టెక్కి గునపంతో గొలుసు బద్దలు కొడుతున్నాడు. ఖైరున్నీసా రెండు చేతులతో పడవను దిమ్మె మీద నుంచి తోస్తోంది. బోర్డు మీద ముట్టరాదని స్పష్టంగా ఉంది. ఆయనకు చదువు రాదు. నాకు వచ్చు గాని, ఆ సమయంలో నాకు ఈత రాదన్న సంగతి ఎక్కువగా గుర్తుకొచ్చింది. నేనూ వెళ్లి తోశాను.

పడవ జారి నీళ్లలో పడింది. ఒకసారి మునిగినట్టయి, లేచి, అటూ ఇటూ ఊగి నిలబడింది. తారు ఎక్కడా వదల్లేదు. లాల్ సాహెబ్ నడుముల్లోతు నీళ్లలో నిలబడి దాన్నే చూస్తున్నాడు.

"చూసింది సాలుగాని ఎక్కయ్యా!" అని అరిచింది ఖైరున్నీసా. అన్ని నెలల తర్వాత ఆమె మొగుడితో అన్న మొదటి మాట అదే. "పిల్లోళ్లు మునిగిపోతాండారు!"

అక్కడి నుంచి ఆ ముసలాయన ఆగలేదు. తన వీధిలోనే, తన ఇల్లున్న చోటు మీదుగానే గడకర్ర గుచ్చుకుంటూ మిద్దె మిద్దెకూ పోయాడు. దొరికినవాళ్లను దొరికినట్టు ఎక్కించుకుని రైలుకట్ట మీద దించాడు. నన్ను మాత్రం దించలేదు. "నువ్వు తోడుతాండు అప్పా," అని చేతికి డబ్బా ఇచ్చాడు. అడుగున చేరిన నీళ్లు తోడుతూ కూర్చున్నాను. పొద్దెక్కేసరికి కట్ట మీద పేటలో సగం మంది చేరారు.

అప్పుడే మంత్రిగారి జీపు వచ్చింది.

మంత్రిగారు దిగి కట్ట అంచున నిలబడ్డారు. ఎటు చూసినా నీళ్లు. నీళ్ల నడుమ కమాను, దాని మీద స్వాగతం. వీధిలోంచి నీలం రంగు పడవ జనంతో వస్తోంది. మిద్దెల మీద మనుషులు చేతులెత్తి ఊపుతున్నారు. మంత్రిగారు ముఖం తుడుచుకున్నారు. అది వాన నీరు కాదు. అప్పటికి వాన వెలిసింది.

"రాజరత్నంగారూ! రెండో దశ పూర్తయిందని నాకు ఒక్కరూ చెప్పలేదే!"

ఇంజనీరుగారు ఒక్క క్షణం నీళ్ల వైపు చూశారు. "మీ ఆశీర్వాదం సార్," అన్నారు.

"ప్యాసింజర్ సర్వీసు కూడా మొదలుపెట్టారు!"

"ఉచితంగానే సార్."

పడవ కట్టకు ఆనింది. ముందుగా దిగింది ఖైరున్నీసా. చంకలో ఎవరి బిడ్డో. మంత్రిగారు స్వయంగా చెయ్యి అందించారు.

"ప్రయాణం సుఖంగా జరిగిందామ్మా? ఎక్కడికి వెళ్లొస్తున్నావు?"

"నేను యాడికీ పోలేదు సామీ," అంది ఆమె. "ఇదే మా ఇల్లు."

మంత్రిగారు ఇంజనీరుగారి భుజం పట్టుకున్నారు. "హౌస్‌బోటు! కాశ్మీరంలో ఉంటాయి చూశారూ, అవే! మన స్కీములో వీటి మాటే లేదే?"

"మూడో దశలో ఉన్నాయి సార్."

"ముందుకు తెచ్చేయండి," అంటూ మంత్రిగారు చెప్పులు విడిచి పడవెక్కారు. ఆయన వెనక రాజరత్నంగారు ఎక్కారు. కట్ట మీద ఫోటోగ్రాఫరు కెమెరా సవరించుకున్నాడు. "ఏదీ, అలా ఒక చుట్టు తిప్పుకురా," అన్నారు మంత్రిగారు.

లాల్ సాహెబ్ పడవ తోశాడు. ఒక చుట్టు తిప్పలేదు. గడకర్ర నీళ్లలో గుచ్చి నేరుగా జీవమ్మ మిద్దెకు పోనిచ్చాడు. మిద్దె మీద జీవమ్మ, బాలింత కోడలు, గుడ్డలో చుట్టిన పసిబిడ్డ, వీధిలోని ముసలివాళ్లు, పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. నీళ్లు పిట్టగోడ దగ్గరికి వచ్చేశాయి.

"జీవమ్మా, బిడ్డ ఎట్లుండాది?" అని అరిచాడు లాల్ సాహెబ్.

"సలికి నీలుక్కపోతాంది! బేగా రా!"

పడవ మిద్దెకు ఆనింది. లాల్ సాహెబ్ పడవను చూశాడు, మిద్దె మీది మనుషులను చూశాడు, తర్వాత మంత్రిగారిని చూశాడు.

"దిగండి సామీ."

"ఎక్కడికి?"

"మిద్దె మీదికి. పడవ పట్టదు. మీరిద్దరు దిగితే వాళ్లంతా ఎక్కుతారు."

"నేనెవరో నీకు తెలుసా? నేను మంత్రిని!"

"తెలుసు. అందుకే మిద్దె మీదికి దిగమంటాండా. ఇంగొగరయితే నీళ్లల్లోకి దిగమందును."

మంత్రిగారు ఇంజనీరుగారి వైపు చూశారు. ఇంజనీరుగారు నా వైపు చూశారు. నేను నీళ్లు తోడుతున్నాను.

అప్పటికే జీవమ్మ మంత్రిగారి చెయ్యి పట్టుకుని పైకి లాగింది. ఆమె లాగితే ఎంతటివాడైనా రావలసిందే. రాజరత్నంగారు వెనకాలే ఎక్కారు. బాలింత, బిడ్డ ముందు దిగారు. తర్వాత పిల్లలు, ముసలివాళ్లు. చివర జీవమ్మ దిగి, మిద్దె మీద నిలబడ్డ ఇద్దరినీ చూసి, "పిట్టగోడ మీద కూకోవద్దు సామీ, అది నానింది," అని జాగ్రత్త చెప్పింది.

పడవ కదిలింది. "ఏయ్! ఎప్పుడొస్తావయ్యా?" అని మంత్రిగారు కేక వేశారు.

"ఇంగా శానా మిద్దెలుండాయి సామీ!" అన్నాడు లాల్ సాహెబ్. తిరిగి చూడలేదు.

మేం కట్టకు చేరగానే ఖైరున్నీసా పరుగెత్తుకొచ్చి బిడ్డను తీసుకుని తన కొంగులో చుట్టి గుండెకు హత్తుకుంది. కాసేపటికి బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. పేటబిడ్డ గదా, ఆ ఏడుపు కట్ట పొడవునా వినిపించింది. లాల్ సాహెబ్ అది విని ఒకసారి నవ్వి, పడవ తిప్పుకుని వీధి అవతలి వైపుకు వెళ్లిపోయాడు. ఈసారి నీళ్లు తోడటానికి ఖైరున్నీసా ఎక్కింది.

దూరాన జీవమ్మ మిద్దె మీద మంత్రిగారు నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారు. ఏదో అంటున్నారు గాని నీళ్ల హోరులో మాట అందడం లేదు.

మంత్రిగారి పి.ఎ. కట్ట మీద అటూ ఇటూ తిరిగాడు. "మంత్రిగారు ప్రసంగిస్తున్నారు," అన్నాడు. "నిలబడి చూస్తారేం? చప్పట్లు కొట్టండి!"

జనం కొట్టారు. మంత్రిగారు ఇంకా గట్టిగా చేతులు ఊపారు. జనం ఇంకా గట్టిగా కొట్టారు.

అంతలో ఆళ్లగడ్డ నుంచి మద్దిలేటి మనుషులతో వచ్చి చేరాడు. నీళ్లను చూశాడు. కమానును చూశాడు. మిద్దె మీది మంత్రిగారిని చూశాడు. అతని ముఖం చిన్నబోయింది.

"ఎంతసేపట్నుంచి మాట్లాడ్తాండాడప్పా?" అని నన్ను అడిగాడు.

"పొద్దున్నుంచి."

"చూసినావా? మా ఊర్లో అరగంట గూడ మాట్లాడల్యా. ఎప్పుడు చూడు, నంద్యాల అంటేనే ఆయప్పకు ప్రేమ." కండువా సర్దుకుని కట్ట అంచుకు వెళ్లాడు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గొంతు చించుకుని అరిచాడు. "సార్! వచ్చే ఏడు ఇది మాకియ్యాల! ఆళ్లగడ్డకు!"

మిద్దె మీద నీళ్లు పిట్టగోడ దాటాయి. మంత్రిగారు ఇంజనీరుగారి భుజాల మీదికి ఎక్కి రెండు చేతులూ పైకెత్తారు.

"ఇచ్చినాడు!" అన్నాడు మద్దిలేటి. ఆళ్లగడ్డవాళ్ల చప్పట్లు నంద్యాలవాళ్ల చప్పట్లను మించిపోయాయి.